దగ్గు సర్వీస్ గేటు నుంచే రావలెను

మానవజాతి ముందు నిప్పును కనుక్కుంది, తర్వాత చక్రాన్ని కనుక్కుంది, ఆపైన వేల ఏళ్లు ఊరికే కూర్చుని చివరికి గేటెడ్ కమ్యూనిటీని కనుక్కుంది. మొదటి రెండింటితో మనిషి వండుకోవడం, తిరగడం నేర్చుకున్నాడు. మూడోదానితో రోగాలు కూడా ఏదో ఒక గేటు గుండానే వస్తాయనీ, ఆ గేటు దగ్గర ఒక వాచ్‌మన్‌ను కూర్చోబెడితే వాటిని ఆపేయవచ్చనీ తెలుసుకున్నాడు. ఈ చివరి జ్ఞానాన్ని పుప్పాలగూడలో అమలు చేసినవాణ్ణి నేనే.

మా 'హరితశిఖర' అపార్ట్‌మెంట్లకు రెండు గేట్లు. మెయిన్ గేటు గుండా కార్లు వస్తాయి, సర్వీస్ గేటు గుండా మనుషులు వస్తారు. (ఆయాలు, వంటవాళ్లు, కార్లు తుడిచేవాళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు. కుక్కలు మాత్రం మెయిన్ గేటు గుండానే తిరుగుతాయి.) నా పేరు ఉదయ్ భాస్కర్. సొంతూరు తణుకు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో రిస్క్ మేనేజర్‌ని. అంటే, ఇంకా రాని ప్రమాదాల్ని ముందే ఊహించి, అవి రాకుండా ఏం చెయ్యాలో క్లయింట్లకు చెప్పి, అందుకు జీతం తీసుకుంటాను. ఎక్కడో ఉన్న బ్యాంకుల సర్వర్లు నా వల్ల చల్లగా ఉన్నాయి.

మా వెనక కడుతున్న టవర్ల దగ్గర కూలీల షెడ్లున్నాయి. అక్కడెవరికో టీబీ అని ఒకరోజు మా వాట్సాప్ గ్రూపులో వార్త పడింది. సాయంత్రానికి గ్రూపు దండం పెట్టే బొమ్మలతో నిండిపోయింది. మా అసోసియేషన్ ప్రెసిడెంటు రామబ్రహ్మంగారు రిటైర్డ్ ఇంజనీరు. ఉపసంఘం వేస్తే ఏ సమస్యయినా లొంగుతుందని, లొంగకపోతే కనీసం వాయిదా పడుతుందని ఆయన సర్వీసంతా కలిపి నేర్చుకున్న పాఠం. ఆ విధంగా 'బాలల శ్వాసకోశ రక్షణ ఉపసంఘం' పుట్టింది. ప్రమాదాలతో నాకు ఉద్యోగరీత్యా పరిచయం ఉంది కాబట్టి నన్ను కన్వీనర్‌ని చేశారు. నేను మొహమాటపడ్డట్టు నటించి ఒప్పుకున్నాను.

నిబంధనావళి మొత్తం నేనే రాశాను. సర్వీస్ గేటు గుండా వచ్చు ప్రతి వ్యక్తియు అక్కడ స్టాండుకు తగిలించిన ఫోను ఎదుట ఒక్కసారి దగ్గవలెను. ఆ ఫోనులోని యాప్ దగ్గును విని పచ్చగానో ఎర్రగానో మారును. ఎర్రగా మారినచో, సదరు వ్యక్తి ప్రభుత్వ దవాఖానలో కఫం పరీక్ష చేయించుకుని, ఏమీ లేదని కాగితం తెచ్చువరకు లోనికి రారాదు. (దగ్గు లేనివాళ్లు కూడా దగ్గాలా అని ఒక వంటావిడ అడిగింది. దగ్గు లేదని దగ్గితేనే కదా తెలిసేది.) ఫ్లాట్ల ఓనర్లు ఎందుకు దగ్గక్కర్లేదని మీటింగులో ఎవరో అడిగారు. ఓనర్లు ఏటా మాస్టర్ హెల్త్ చెకప్ చేయించుకుంటారనీ, పైగా కారు అద్దాలు ఎత్తి ఉంటాయి కాబట్టి వాళ్ల దగ్గు యాప్‌కు వినపడదనీ నేను వివరించాను. రెండు కారణాలూ బాగున్నాయన్నారు.

ఇక్కడ నా దగ్గు గురించి కొంచెం చెప్పాలి. ఐటీ కారిడార్‌లో దగ్గును జబ్బు అనరు. అది ఎప్పుడూ ఇంకో దాని తాలూకు సంగతి. నా దగ్గు మొదట ఏసీ దగ్గు. తర్వాత ఫ్లైఓవర్ పనుల దుమ్ము దగ్గు. ఆ తర్వాత బాల్కనీలో పావురాల దగ్గు. పేరున్న కార్పొరేట్ డాక్టరుకు చూపిస్తే గ్యాస్ వల్ల వచ్చే దగ్గన్నాడు, ఇంకొకాయన దిండు మార్చమన్నాడు. దిండు మార్చాం, కర్టెన్లు తీసేశాం, పావురాలకు వల కట్టించాం. కఫం పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తినా నేను చేయించుకునేవాణ్ణి కాదు, అది సర్వీస్ గేటువాళ్లకు రాసిన పరీక్ష. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. క్లయింటు నిద్రలేచే వేళ కూడా అదే కాబట్టి ఆ జ్వరాన్ని ప్రాజెక్టు ఖాతాలో వేశాను. బరువు తగ్గాను. ఆఫీసులో అందరూ అభినందించారు. ఆరోగ్య వారోత్సవాల్లో 'స్ఫూర్తిదాయక మార్పు' అని ఒక బహుమతి కూడా ఇచ్చారు. అందుకోవడానికి స్టేజీ మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. అది ఆనందం వల్ల అనుకున్నాను.

ఒకరోజు సర్వీస్ గేటును తనిఖీ చేద్దామని అటువైపు నుంచి కారు పోనిచ్చి, అద్దం దించి, అలవాటుగా దగ్గాను. ఫోను కీచుమని మోగింది. వాచ్‌మన్ మల్లయ్య లేచి నిలబడ్డాడు.

"సార్, ఎర్రగైంది."

"ఎవరికి?"

"మీ దగ్గుకే సార్. ఎర్రగైతె లోపలికి పంపొద్దని మీరే చెప్పిన్రు. ఇప్పుడేం జెయ్యమంటరు?"

నేను కారు దిగి ఫోను చూశాను. నిజంగానే ఎర్రగా ఉంది. తెలివిగలవాడైతే అక్కడే ఆగి ఆలోచించేవాడు. నేను సాఫ్ట్‌వేర్‌లో పెరిగినవాణ్ణి. యాప్‌లో లోపం ఉందని అదే రాత్రి కంపెనీకి ఫిర్యాదు పెట్టాను. శీర్షిక: 'నివాసి దగ్గును పనివారి దగ్గుగా పొరబడుట'. వాళ్లు చాలా మర్యాదగా స్పందించి, నా దగ్గు నమూనాలు రకరకాలవి పంపిస్తే దాన్ని గుర్తుపట్టి వదిలేసేలా యాప్‌కు నేర్పిస్తామన్నారు. ఆదివారం పొద్దున హాల్లో కూర్చుని, పొడి దగ్గు, తడి దగ్గు, నవ్వినప్పుడు వచ్చే దగ్గు, అన్నీ శ్రద్ధగా రికార్డు చేశాను. ఫోను నా నోటి ముందు పట్టుకున్నది మా పాప రసజ్ఞ. దానికి నాలుగేళ్లు. చెయ్యి కదలకుండా పట్టుకున్నందుకు చాక్లెట్ ఇచ్చాను.

వారం తిరక్కుండా లోపం సరిచేశారు. ఆ తర్వాత గేటు దగ్గర నేనెంత దగ్గినా యాప్ పచ్చగా నవ్వింది. సర్వీసంటే అదీ.

నిబంధనలతో ఆగితే పిల్లలకు అవగాహన ఎలా వస్తుంది? అందుకని ప్రతి శనివారం క్లబ్‌హౌస్ హాల్లో చిన్నపిల్లలందరినీ కూర్చోబెట్టి, మోచేతిలోకి ఎలా దగ్గాలో నేర్పించేవాణ్ణి. బయటి కాలుష్యం రాకుండా తలుపులు మూసి ఏసీ వేసేవాళ్లం. దగ్గి చూపించడానికి నాకు నటన అవసరం పడలేదు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

ఇలా ఉండగా లీదియా దొరికిపోయింది. లీదియా మా రసజ్ఞను చూసుకునే ఆయా. ఆ రోజు ఇంట్లో ఎండుమిరపకాయలు వేయించి వచ్చిందట, గేటు దగ్గర గట్టిగా దగ్గింది, యాప్ ఎర్రబడింది, మల్లయ్య వెనక్కి పంపాడు. ఇంటి నుంచి పనిచేసుకునే నా భార్య జయంతి మీటింగు మధ్యలో లేచి వచ్చింది.

"మన లీదియానే ఆపేశారటండీ."

"రూలు రూలే."

"ఆ రూలు రాసింది మీరేగా?"

"అందుకే నేను తప్పకూడదు."

జయంతి పిల్లను నా ఒళ్లో కుదేసి, లోపలికెళ్లి తలుపేసుకుంది. ఆదర్శవంతులకు ఇంట్లో మద్దతు తక్కువగా ఉంటుంది.

కొన్ని రోజులకు లీదియా కాగితంతో తిరిగొచ్చింది. ఏ జబ్బూ లేదు. కాగితం నా చేతిలో పెట్టి, చెంగు దోపుకుని, మామూలుగా అంది.

"దవాఖానవాళ్లు ఊరికే వదల్లేదు సార్. ఇంట్లో ఎవరన్నా దగ్గుతున్నారా అనడిగారు. మా ఇంట్లో ఎవరూ లేరండి, పొద్దస్తమానం ఉండే ఇంట్లో సార్ దగ్గుతారని చెప్పాను. మీ ఫోన్ నంబరు అడిగితే ఇచ్చాను."

"నన్ను అడక్కుండా ఎలా ఇస్తావు?"

"మీరు నన్ను అడిగి ఆపారా సార్," అని పాలు స్టవ్ మీద పెట్టడానికి వెళ్లిపోయింది.

మర్నాడే ఫోనొచ్చింది. అవతల కళ్యాణి. ప్రభుత్వ టీబీ విభాగంలో ఇళ్లకు తిరిగి రోగుల్ని చూసే ఉద్యోగి. నేనెవరో తెలియక మాట్లాడుతోందేమోనని, నేను బాలల శ్వాసకోశ రక్షణ ఉపసంఘం కన్వీనర్‌నని చెప్పాను.

"మంచిది సార్. కన్వీనర్లకు గూడ డబ్బా ఇస్తం. పొద్దుగాల లేవంగనే ఛాతిలకెల్లి దగ్గి, అండ్ల కఫం పట్టి తీస్కరండి."

తీసుకెళ్లాను. ఎక్స్‌రే తీశారు. టీబీ ఉందని తేలింది. నా మొదటి మాట, శాంపిల్ మారిపోయి ఉంటుందేమో చూడండి అని.

"మారలే సార్," అంది కళ్యాణి. "పరేషాన్ గాకండి. మందులు ఫ్రీగ ఇస్తం, నయమైతది. నేను రేపు మీ ఇంటికొస్త."

ఇంటికొచ్చింది. సర్వీస్ గేటు గుండానే. మా నిబంధన ప్రకారం టీబీ సిబ్బంది కూడా యాప్ ముందు దగ్గాలి కాబట్టి ఆవిడ చేతా దగ్గించారు. పచ్చగా మారాక పైకి పంపారు.

"ఇంట్ల చిన్నపిల్లలు ఉన్నరా సార్?"

అప్పటికే రసజ్ఞ పరిగెత్తుకొచ్చి ఆవిడ బ్యాగులో ఏముందో చూస్తోంది. నేను మా జాగ్రత్తలన్నీ వరసగా చెప్పాను. పుట్టగానే టీకా వేయించాం. ఇంట్లో గాలి శుభ్రం చేసే మిషనుంది. దేశీ ఆవుపాలు తెప్పిస్తాం. కూలీల షెడ్ల వైపు కిటికీలు తెరవం.

"అవన్ని మంచియే సార్. పాప ఎవరి దగ్గర పండుకుంటది?"

"నా దగ్గరే."

"ఏసీ రూములనా? కిటికీలు మూసే ఉంటయా?"

ఇక్కడ వ్యంగ్యంగా ఒక వాక్యం రాద్దామని చాలాసేపు కూర్చున్నాను, రాలేదు. పగలు నా కూతురికి నేను కనపడను. రోజు మొత్తానికి నేను దానికిచ్చేది పడుకునే ముందు ఒక గంట. తలుపు మూసి, ఏసీ వేసి, కథ చెబుతాను. అది నా ఛాతీ మీద చెవి పెట్టుకుని వింటుంది. "నాన్నా, నీ లోపల బండి పోతోంది," అనేది. నేను నవ్వేవాణ్ణి, నవ్వితే దగ్గొచ్చేది, అది ఇంకా నవ్వేది. మంచి తండ్రినని నాకు నేను మార్కులు వేసుకున్నది ఆ ఒక్క గంటకే. ఊరంతటి నుంచి కాపాడి తెచ్చుకున్న పిల్ల ముఖం మీదే, ఆ గంటలోనే, రోజూ దగ్గాను. నాకు ఏడుపొచ్చింది. జయంతి నా వైపు చూడకుండా పిల్ల జుట్టు సర్దుతూ కూర్చుంది.

రసజ్ఞకు పరీక్షలన్నీ చేశారు. జబ్బేమీ లేదు. మేమిద్దరం ఊపిరి పీల్చుకునేలోపే కళ్యాణి మాత్రలు తీసింది.

"ఇవి కొన్ని నెలలు రోజూ వెయ్యాలె. ఒక్క రోజు గూడ తప్పొద్దు."

"జబ్బు లేదన్నారుగా?"

"లేదు సార్. రావొద్దనే ఇస్తున్నం. ఇంత చిన్న పిల్లలల్ల లోపల పురుగు దాక్కుంటే జల్ది ముదురుతది, మెదడుకు గూడ పోతది. అప్పటిదాక ఆగుతమా?"

రాని ప్రమాదాన్ని ముందే ఆపడం వృత్తిగా గలవాణ్ణి, ఆ పని జీతంతోనే ఈ ఫ్లాటు కొన్నవాణ్ణి, గొంతు సవరించుకుని అన్నాను. "కొన్నాళ్లు చూద్దామండి."

"మీ క్లయింట్ల సర్వర్లకు కూడా కొన్నాళ్లు చూద్దామనే చెప్తారా?" అంది జయంతి. అంతకుముందు రెండు రోజులుగా నాతో మాట్లాడనిది, ఈ ఒక్క మాట కోసం మాట్లాడింది. మాత్రలు మొదలయ్యాయి. నా మంచం హాల్లోకి మారింది, బెడ్‌రూము కిటికీలు తెరుచుకున్నాయి.

ఆ రోజు మాత్రలిచ్చి వెళ్లేముందు కళ్యాణి ఇంకో మాట అడిగింది. "ఇంట్లోళ్లు గాక, మూసిన రూముల మీతోని ఎక్కువసేపు ఉన్నోళ్లెవరు సార్?"

శనివారం తరగతి గురించి చెప్పాను. ఆవిడ పెన్ను ఆపి నా ముఖంలోకి చూసింది.

"దగ్గు గురించి చెప్పనీకె, దగ్గుకుంట, పిల్లల్ని ఏసీల కూసోబెట్టిన్రా?"

"అవగాహన కోసం."

"మంచిది. పిల్లలందర్నీ ఒకసారి పరీక్షకు పంపమనండి. వాళ్లల్ల ఎవరికన్న ముందుగాల్నే ఏమన్న జబ్బు, స్టెరాయిడ్ మందులు గిట్ల ఉన్నయా?"

ఉన్నాయి. మా ఎదురు ఫ్లాటు జోసెఫ్ కొడుకు బెన్నీ. రసజ్ఞ వయసే. కిడ్నీ సమస్యకు ఏడాదిగా స్టెరాయిడ్ మందులు వాడుతున్నాడు, బుగ్గలు ఉబ్బి ఉంటాయి. నా తరగతిలో రసజ్ఞ పక్కన, మొదటి వరసలో, నా మోకాళ్లకు ఆనుకుని కూర్చునేవాడు.

"ఆ బాబును అందరికన్న ముందు తీస్కరమ్మనండి. ఆ మందులతోని ఒంట్ల తాకత్ ఉండదు. లేట్ చెయ్యొద్దు," అంది కళ్యాణి.

ఆ సాయంత్రమే మాస్కు కట్టుకుని, కారిడార్‌లో దూరంగా నిలబడి జోసెఫ్‌కు అంతా చెప్పాను. అతను నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒకటే అడిగాడు.

"మందు వేస్తే వీణ్ణి పార్కులోకి రానిస్తారా బ్రదర్?"

పాఠకులకు ఇంతవరకు చెప్పని నిబంధన ఒకటి మా నిబంధనావళిలో ఉంది. 'టీబీ మందులు వాడు వ్యక్తులెవ్వరును, పెద్దలైనను పిల్లలైనను, కోర్సు ముగియువరకు పార్కు, ఈతకొలను, లిఫ్టులను ఉపయోగించరాదు.' జబ్బుకు వాడే మందనీ, జబ్బు రాకుండా వాడే మందనీ రెండుంటాయని రాసినవాడికి తెలియదు. 'పెద్దలైనను పిల్లలైనను' అన్నది నేను ప్రత్యేకంగా చేర్చిన ముక్క. సమానత్వమంటే నాకు గౌరవం.

"ఆ రూలు మార్పిస్తాను," అన్నాను.

"మార్పించండి. మారిన రోజే తీసుకెళ్తాను. ఇన్ఫెక్షన్లు వస్తాయని వీణ్ణి స్కూలుకు కూడా పంపట్లేదు బ్రదర్. వాడికి ఉన్నది ఆ పార్కూ, మీ పాపానూ. అవి కూడా తీసేసి నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టమంటే వీళ్లమ్మ షారోన్ ఒప్పుకోదు. నాకూ చేతులు రావు."

"ముందు పరీక్షన్నా చేయించు జోసెఫ్."

"పరీక్ష చేయిస్తే మందు రాస్తారుగా," అన్నాడు. అతనన్నది నిజమే.

అత్యవసర సమావేశం పెట్టించాను. నాకే టీబీ అని లేచి చెప్పాను. కుర్చీలు మర్యాదగా వెనక్కి జరిగాయి. తర్వాత, నేను అనుకోని విధంగా, అభినందనలు మొదలయ్యాయి. పాలసీ పెట్టిన కొద్దికాలంలోనే ఒక కేసు బయటపడిందంటే పాలసీ పనిచేస్తున్నట్టే కదా. జబ్బు ఎలా వచ్చిందన్న దగ్గర చిన్న చర్చ జరిగింది. మెయిన్ గేటు గుండా వచ్చే వీలు పాలసీలో లేదు కాబట్టి, లీదియా ద్వారా సమాచారం వచ్చిన దారినే జబ్బు కూడా వచ్చిందని, 'మూలం: సర్వీస్ గేటు' అని రాసుకున్నారు. లీదియాకు జబ్బు లేదని చెప్పాను. ఆ సంగతి కూడా వేరే పేరాలో రాసుకున్నారు.

ఆపైన అసలు విషయానికొచ్చాను. జబ్బు రాకుండా మందు వేసుకునే పిల్లల వల్ల ఎవరికీ అంటుకోదని, వాళ్లను పార్కు నుంచి ఆపితే మిగతావాళ్లు పిల్లల్ని పరీక్షకే తీసుకెళ్లరని చెప్పాను. జోసెఫ్ వెనక వరసలో చేతులు కట్టుకుని వింటున్నాడు.

"సైన్సు విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నానండి," అన్నారు రామబ్రహ్మంగారు. "చిక్కల్లా కోరంతోనే. నిబంధన మార్చాలంటే నివాసుల్లో ముప్పాతిక వంతు మంది స్వయంగా హాజరు కావాలని ఉంది కదా. ఎవరు రాశారో గానీ చాలా పటిష్ఠంగా రాశారు."

నేనే రాశాను. నా నిబంధనలు ఎవరూ కదపకూడదని రాశాను. హరితశిఖరలో ముప్పాతిక వంతు మంది ఒకచోట చేరింది ఇంతవరకు లేదు, గణేశుడి లడ్డూ వేలంతో సహా. ఆన్‌లైన్‌లో ఓటేయవచ్చు కదా అన్నాను. ఇంట్లో కూర్చుని బాధ్యత లేకుండా ఓట్లేస్తారని నేనే దాన్ని నిషేధించిన పేరా చదివి వినిపించారు.

ఇల్లిల్లూ తిరిగాను. ఎవరూ తలుపు తియ్యలేదు. డోర్‌బెల్ కెమెరాల్లోంచే ఆప్యాయంగా పలకరించారు. మీటింగుకు తప్పకుండా వస్తామన్నారు, మీరు రాకుండా ఉంటే. మార్పు ప్రతిపాదించినవాడు హాజరు కాకపోతే ప్రతిపాదన చెల్లదు. (పాఠకులు ఈపాటికి గ్రహించే ఉంటారు. అవును, అదీ నేనే.)

ఈలోగా ఉన్న నిబంధన అమలు కావాలి. మందు వాడుతున్న పిల్ల ఉన్న ఫ్లాటుకు కన్వీనర్ సంతకంతో నోటీసు వెళ్లాలి. కన్వీనర్‌గా సంతకం పెట్టి పంపాను. ఫ్లాటు ఓనరుగా అందుకున్నట్టు ఇంకో సంతకం పెట్టాను.

పార్కు మా బాల్కనీలోంచి కనపడుతుంది. రసజ్ఞ కటకటాలకు ముఖం ఆనించి చూస్తూ అడిగింది.

"నాన్నా, నేను రోజూ మంచిగా మందు వేసుకుంటున్నా కదా. మరి ఎందుకు పోకూడదు?"

"మందు వేసుకుంటున్నావు కాబట్టే అమ్మా."

కింద బెన్నీ ఒక్కడే జారుడుబల్ల ఎక్కి, దిగి, మళ్లీ మెట్ల దగ్గరికొచ్చి మా బాల్కనీ వైపు చెయ్యూపుతున్నాడు. అది కూడా చెయ్యూపింది.

"బెన్నీ మందు వేసుకోడా?"

"వేసుకోడు."

"అందుకే ఆడుకుంటున్నాడా?"

నేను జోసెఫ్‌కు ఫోను చేశాను. పార్కు బెంచీ మీంచే ఎత్తాడు. రూలు మారిందా అన్నాడు. ఇంకా లేదు, రూలు సంగతి వదిలేసి పిల్లాణ్ణి రేపే తీసుకెళ్లు, కావాలంటే నేను కాళ్లు పట్టుకుంటానన్నాను. అతను పైకి మా బాల్కనీ కేసి, కటకటాల వెనకున్న మా రసజ్ఞ కేసి చాలాసేపు చూశాడు. తర్వాత, "చూద్దాం బ్రదర్," అన్నాడు.

ఉపసంఘం ఈ నెల నివేదికను కన్వీనర్ హోదాలో నేనే రాయాల్సి వచ్చింది. బెన్నీకి ఇంతవరకు పరీక్ష చేయించలేదు. కాబట్టి మా రికార్డుల ప్రకారం వాడు సంపూర్ణ ఆరోగ్యవంతుడు.